పెద్ద నరం

ఆదిలాబాద్,
5 జూన్ 1961

శ్రీ ఉపేందర్‌రావు గారికి,

జానకీబాయి వ్రాయునది. ఇచట మేమందరము క్షేమము. మా అమ్మాయి వత్సల కరీంనగరులో అత్తవారింట సుఖముగా నున్నది. తమరును, తమ భార్య తారాబాయియు, పిల్లలును క్షేమమని తలచెదను.

వత్సల పెండ్లికి బెల్లంపల్లి నుండి శ్రమపడి విచ్చేసినందులకు కృతజ్ఞులము. మన ఇంట పెండ్లికూతురును మేనమామ గంపలో ఎత్తుకొని మండపమునకు తెచ్చుట తాతలనాటి ఆచారమని తమకు తెలియనిది కాదు. వత్సలకు ఉన్నది ఒక్క మేనమామ. పిల్ల గంపలో కూర్చుండి, బాజాలు మ్రోగుచుండగా, తమరు గోడకు ఆనుకొని నిలబడి "హనుమండ్లుతో ఎత్తించండి" అని సెలవిచ్చితిరి. హనుమండ్లు మా జీతగాడు. మగపెండ్లివారు ఒకరి ముఖమొకరు చూచుకొనిరి. చివరకు వరుసకు తమ్ముడైన లక్ష్మీరాజం వచ్చి పిల్లను ఎత్తినాడు.

అది చాలదన్నట్లు అందరును మీ బావగారి పాదములకు మ్రొక్కుచుండగా తమరు నిటారుగా నిలబడి, కలెక్టరుకు పెట్టినట్లు నమస్కారము పెట్టితిరి. బాపు పోయిన తరువాత తమరి వేలు పట్టుకొని హైదరాబాదు తీసుకుపోయి సర్వే చదువు చెప్పించిన మనిషికి అదియా మర్యాద? వియ్యంకుల ఎదుట షేర్వానీ గుండీలు విప్పుకొని కూర్చుంటిరి. తెల్లవారి చూడగా ముఖము ఉబ్బి, కండ్లు ఎర్రబడి ఉన్నవి. రాత్రి ఏమి పుచ్చుకొన్నారని నలుగురు నన్నే అడిగిరి.

కారణము నాకు తెలియును. వత్సలను తమ కుమారుడు రఘుకు చేసికొనక బయటి సంబంధము తెచ్చితిమని కడుపుమంట.

గారూ గీరూ పెట్టి రాసుడు ఇంక నాతోని కాదు. ఏం రోగం పుట్టిందిరా నీకు? మీ బావ నీ పేరు ఇంట్ల ఎత్తద్దన్నరు. నేను గూడ ఎత్త. ఇదే ఆఖరు ఉత్తరం.

జానకీబాయి

*

బెల్లంపల్లి,
14 జూన్ 1961

అక్కా,

నువ్వు నన్ను "గారు" అన్నావని తారాబాయి పొట్ట పట్టుకుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నువ్వు ఎంత తిట్టినా తట్టుకోగలను గాని ఆ "సెలవిచ్చితిరి"ని తట్టుకోలేకపోయాను.

ఏం రోగం పుట్టిందిరా అని అడిగావు. రోగమే పుట్టిందక్కా.

హోలీ తర్వాత మొదలైంది. పొద్దున లేచేసరికి ముఖం, మెడ ఉబ్బి ఉండేవి. పగలు తిరుగుతుంటే కొంత తగ్గేది. ఇక్కడి నీళ్ళు పడటం లేదేమో అనుకున్నాను. నా సర్వే పని నీకు తెలుసు కదా, బొగ్గుగనిలో కప్పు తక్కువగా ఉన్నచోట నడుము వంచే నడవాలి. వంగితే చాలు, ఒంట్లో రక్తమంతా తలలోకి వచ్చి పడ్డట్టయ్యేది. చెవులు హోరెత్తి కళ్ళకు చీకటి కమ్మేది. ఇప్పుడు నా బూట్ల లేసులు తారాబాయే కడుతున్నది. ఆఫీసుకు పోయే మనిషికి పెళ్ళాం బూట్లు తొడుగుతున్నదని వాడకట్టంతా నవ్వుకుంటున్నారు.

పెళ్ళిలో గంప ముందు వంగబోయాను. ఒక్కసారిగా ఏమీ కనబడలేదు. పిల్లను కింద పడేస్తానని భయమేసింది. గోడకు ఆనుకుని చూపు తేరుకునేసరికి ఎదురుగా హనుమండ్లు చేతులు కనబడ్డాయి, బలమైనవి. నోట్లోంచి ఆ మాట వచ్చేసింది. బావ కాళ్ళకు మొక్కలేకపోయిందీ ఇందుకే. అక్కడే పడిపోతే పెళ్ళిపందిట్లో ఎంత అపశకునం! షేర్వానీ మెడ పట్టేసి ఊపిరాడలేదు, గుండీలు విప్పాను. తాగానన్నారా? బెల్లంపల్లిలో కల్లు తాగనివాడు నేనొక్కడినే అని ఇక్కడ నాకు చెడ్డపేరు ఉన్నది. శుభకార్యంలో రోగం మాట ఎత్తవద్దని తారాబాయి నా దగ్గర ఒట్టు వేయించుకున్నది.

వచ్చినాక కంపెనీ దవాఖానకు పోయాను. డాక్టరు చొక్కా విప్పమన్నాడు. రొమ్ము మీదా భుజాల మీదా నీలంగా గీతలు తేలి ఉన్నాయి, మా సర్వే నక్షాల్లో వాగులు గీసినట్టు. తలనుంచీ చేతులనుంచీ వచ్చే రక్తాన్ని గుండెలోకి దించే పెద్ద నరం ఒకటి ఉంటుందట. అది ఎక్కడో నొక్కుకుపోయిందన్నాడు. ఫోటో తీస్తే రొమ్ము నడుమ ఏదో నీడ పడింది. ఎందుకు పడిందో ఇక్కడ తేలదు, హైదరాబాద్ పొమ్మన్నాడు.

రఘు సంగతి. వాడు వత్సల కంటే రెండేళ్ళు చిన్న. ఇంకా మీసాలు రానివాడికి పిల్లనియ్యలేదని కడుపుమంట పెట్టుకునేంత పిచ్చివాడినా? బావకు ఈ సంగతి చెప్పు.

నీ తమ్ముడు,
ఉపేందర్

*

ఆదిలాబాద్,
24 జూన్ 1961

తమ్మీ,

ఆఖరు ఉత్తరం అన్న గాని ఇది రాయకుంటే నాకు అన్నం సయించేటట్టు లేదు.

నరం నొక్కుకపోయిందని రాసినవు. గింతేనా? గింతదానికి పెండ్లిల నోరు కుట్టుకోని నిలవడ్డవా? నరం పట్టుకుంటే ఎంత గోసనో నాకు తెల్వదా? మొన్నటి సలికాలం నాకు మెడనరం పట్టుకోని తల తిప్పరాలే. మొండయ్య వచ్చి ఆముదం రాసి రెండు పట్లు పట్టిండు. టక్కున సప్పుడైంది, అయిపాయె. నువ్వు చిన్నప్పటిసంది గంతే, ముల్లు గుచ్చుకుంటే కాలు తీసేస్తరేమో అని ఏడుస్తవు.

నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపిచ్చిన. తాగలేదన్నదాంక నిమ్మలంగనే విన్నరు. నరం దగ్గరికి వచ్చేసరికి మండిపడ్డరు. "నరం పట్టిందని పిల్లను ఎత్తలేదా? సాకు చెప్తే చెప్పిండు, జర సక్కటి సాకన్న చెప్పుమను" అన్నరు. నేనేం చెప్పాలె? నువ్వు రాసిందే చదివితి.

మొండయ్యను పంపుతున్న. ఈ తట్టు ఆయన చెయ్యి పడితే దిగని నరం లేదు. ఆముదం సీస ఆయన చేతికే ఇచ్చిన. మెడ, రొమ్ము మంచిగ గట్టిగ రుద్దిచ్చుకో, సిగ్గుపడకు. రాత్రి పండుకునేటప్పుడు మెడ సుట్టు ఉన్నిగుడ్డ బిర్రుగ కట్టుకో. హైదరాబాద్ పోవుడు వద్దు. ఆడికి పోయినోళ్ళను ఊకెనే కోసి చూస్తరట.

రఘుకు మీసాలు రాలేదన్నది నిజమే. పెండ్లి ఫోటోల చూసిన. ఆ కోపం తీసేసిన. గంప కోపం మాత్రం అట్లనే ఉన్నది.

జానకి

*

బెల్లంపల్లి,
6 జూలై 1961

అక్కా,

మొండయ్య వచ్చాడు, వెళ్ళాడు. ముందు ఆ ముచ్చట చెప్తాను.

వాకిట్లో అడుగు పెడుతూనే చేతులకు ఆముదం రాసుకున్నాడు. "దొరా, కూసోండ్రి, మెడ ఇటియ్యిండ్రి" అన్నాడు. మెడ ముట్టవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడని నేనంటే వినడే! "జానకీబాయి దొరసాని నరం తీసి రమ్మన్నది. తియ్యకుంట పోతే నా మొకం ఆమెకెట్ల చూపెట్టాలె?" అని అరుగు మీద బైఠాయించాడు. తారాబాయి అట్లకాడ పట్టుకుని నాకూ అతనికీ మధ్యన నిలబడింది. చివరికి పక్కింటి టింబరు మేస్త్రీ ముత్తయ్య మోకాలు అప్పజెప్పాం. దాన్ని సాయంత్రం దాకా పీకి, ముత్తయ్యను కుంటకుండా నడిపించి, అప్పుడు బస్సెక్కాడు. ముత్తయ్య నిన్ను దీవిస్తున్నాడు.

తప్పు నాదే. మన భాషలో అన్నిటికీ నరమే. పట్టుకునేదీ నరమే, జివ్వుమనేదీ నరమే, రక్తం పారేదీ నరమే. నాది రక్తం పారే గొట్టం లాంటిది. పుస్తకాల్లో ఊర్ధ్వ మహాసిర అంటారట. నీకు అర్థమయ్యేట్టు చెప్తాను. వానకాలం మిద్దె మీది నీళ్ళు దిగే తూము మూసుకుపోయిందనుకో. నీళ్ళు ఎక్కడికీ పోలేక మిద్దె మీదే నిలుస్తాయి. నా తలలో అట్లా రక్తం నిలుస్తున్నది. రుద్దితే పోయేది కాదు. మెడకు గుడ్డ బిగిస్తే ఇంకా ప్రమాదం.

ఇప్పుడు వెల్లకిలా పడుకోలేను. పడుకుంటే గొంతు మూసుకుపోయినట్టు ఉంటుంది. ఇంట్లో ఉన్న దిండ్లన్నీ గోడకు పేర్చి, వాటికి ఆనుకుని కూర్చునే నిద్రపోతున్నాను. తెల్లవారేసరికి దిండ్లు జారిపోయి మెడ వాలిపోతుంది.

తూమును మూసిందేమిటో తెలియాలి. డాక్టరు నాతో నేరుగా అనలేదు గాని పక్కనున్న కంపౌండరుతో అంటుంటే విన్నాను. రాచపుండు, అదే క్యాన్సర్, కూడా కావచ్చునట. తారాబాయికి చెప్పలేదు. నీకే చెప్తున్నాను. ఎల్లుండి హైదరాబాద్ పోతున్నాను.

నాకేమన్నా అయితే తారాబాయినీ పిల్లల్నీ నువ్వు చూసుకోవాలి. చావంటే భయం లేదని అబద్ధం చెప్పను, చాలా ఉన్నది. అంతకంటే పెద్ద బాధ ఇంకొకటి. బావ నన్ను పొగరుబోతు అనుకుంటుండగానే పోతానేమోనని. ఆయన నాతో ఒక్క మాట మాట్లాడితే చాలు.

ఉపేందర్

*

ఆదిలాబాద్,
14 జూలై 1961

ఉపేందర్,

ఎవల్నడిగి సస్తవురా నువ్వు? నీ పెండ్లాం పిల్లల్ని నేను చూస్కోవాల్నా? చూస్కోను. నాకు తీరిక లేదు. నీ పిల్లల్ని నువ్వే పెంచుకో, నువ్వే తిట్టుకో, నువ్వే పెండ్లిళ్ళు చెయ్యి. గిసొంటి మాట మల్ల రాసినవంటే బెల్లంపల్లి దాంక నడిచొచ్చి తంత.

మొండయ్య వచ్చి అంతా చెప్పిండు. నేను ఆ ఉన్నిగుడ్డ ముచ్చట ఎందుకు రాసిన్నో, నా చేతులు ఇరగ! నువ్వు నిజంగ కట్టుకున్నవా? కట్టుకోలేదని రాయి. అది రాసేదాంక నాకు కంటికి కునుకు లేదు.

ఊర్ధ్వమహాసిరో గాడిదగుడ్డో, అది సక్కగ కావాలె, గంతే. హైదరాబాద్ వద్దన్న మాట గూడ వాపస్ తీసుకుంటున్న. కోసి చూస్తమంటే చూడనియ్యి.

మీ బావకు నీ ఉత్తరం చదివి వినిపిచ్చిన. రాచపుండు అన్నకాడ ఆయన లేచి బయటికి పోయిండ్రు. అన్నం యాళ్ళకు వచ్చి "ఆ కాయితం ఇటియ్యి" అన్నరు. ఇచ్చిన. మల్ల నాకియ్యలే. కోపంతోని చింపేసిండ్రో ఏమో. పానం మీదికొచ్చినా ఈ మనిషి రాయి లెక్కనే ఉంటే నేనేం చెయ్యాలె? నువ్వు గవన్ని మనసుల పెట్టుకోకు.

ఆషాఢమని వత్సల వచ్చింది. నీ సంగతి వినంగనే "మామ నన్ను కింద పడేయద్దని గట్ల చేసిండు, మీరేమో ఇన్నొద్దులు ఆయన్ను తిడితిరి" అని నా మీదికే లేచింది. నేను హైదరాబాద్ వస్తనంటె మీ బావ "గా దవాఖానల నువ్వు ఏడ్సుడు తప్ప ఏం చేస్తవు" అన్నరు. ఈడ గూడ అదే చేస్తున్న.

ఏ వార్డో, ఏ మంచమో, ఏం పెడుతున్నరో అంత రాయి. ఫికర్ చెయ్యకు. ఫికర్ నేను చేస్త.

అక్క

*

హైదరాబాద్,
29 జూలై 1961

అక్కా,

ఉన్నిగుడ్డ కట్టుకోలేదు. నిద్రపో.

ఇక్కడ వార్డు పెద్దది, కిటికీ పక్క మంచం దొరికింది. తారాబాయి రోజూ పొద్దున వచ్చి చీకటి పడేదాకా ఉంటున్నది. ఇక్కడి నర్సులకు అట్లకాడ సంగతి ఎట్లా తెలిసిందో తెలియదు గాని ఆమెను చూస్తే పక్కకు జరుగుతున్నారు.

మెడ ఎముక పైన శనగగింజంత గడ్డ ఒకటి చేతికి తగిలిందట. దాన్ని తీసి పరీక్షకు పంపారు. అది చెప్పాలి తూమును మూసిందేమిటో. అందాకా ఎదురుచూడటమే. ఎదురుచూడటం కంటే కోయించుకోవడమే సులభమనిపించింది.

నిన్న పెద్ద డాక్టరు పదిమంది చదువుకునే పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ముసలాయన, ఉర్దూలోనే మాట్లాడతాడు. నా చొక్కా పైకెత్తి ఆ నీలం గీతలు చూపించాడు. అవి చూస్తే తారాబాయి కళ్ళు మూసుకుంటుంది, నాకూ దడగానే ఉంటుంది. ఆయన నవ్వాడు. "డరో మత్ మియా. బడా రాస్తా బంద్ హై, ఖూన్ గల్లియోం సే జా రహా హై" అన్నాడు. పెద్ద బాట మూసుకుపోతే రక్తం ఊరుకోలేదట. పక్కనున్న చిన్న చిన్న గొట్టాలను తానే వెడల్పు చేసుకుని, రొమ్ము మీదుగా, వీపు మీదుగా చుట్టు తిరిగి గుండెకు చేరుతున్నదట. నేను రోగమనుకుని భయపడ్డవే నన్ను ఇన్నాళ్ళూ బతికించాయట. నా ఒంట్లో నాకు తెలియకుండా ఇంత పని జరుగుతున్నదని విని ఎందుకో ఏడుపొచ్చింది. చదువుకునే పిల్లలు బిత్తరపోయారు.

నువ్వు పంపిన లోడు, ఆ ఆనుకునే పెద్ద దిండు, అందింది. ఆదిలాబాద్ పత్తి లారీ మనిషి వార్డు వార్డూ అడుగుతూ తెచ్చి మంచం మీద పెట్టిపోయాడు. ఎంత పెద్దదక్కా! కొత్త పత్తి కూరి, గట్టి గుడ్డతో కుట్టి, జారిపోకుండా మంచానికి కట్టుకునేందుకు రెండు వైపులా పట్టీలు కూడా పెట్టావు. దిండ్లు జారిపోతున్నాయని ఒక్క మాట రాస్తే ఇంత ఆలోచించావు. దానికి ఆనుకుని మూడు నెలల్లో మొదటిసారి తెల్లవారేదాకా నిద్రపోయాను.

బావ ఏమన్నా అన్నారా?

ఉపేందర్

*

ఆదిలాబాద్,
8 ఆగస్టు 1961

తమ్మీ,

ఏం లోడు? నేను ఏ లోడూ పంపలే.

నీ ఉత్తరం చదివి నేనే పరేషానైన. హనుమండ్లును అడిగిన, తల గీక్కున్నడు. వత్సలను అడిగిన, తెల్వదన్నది. ఇంక మిగిలింది ఎవలు? మీ బావ అన్నం తింటుంటె అడిగిన.

"మన పత్తిమిల్లుల మిగిలిన పత్తి ఉండె. ఎవడో కుట్టి ఉంటడు" అన్నరు, కంచంల నుంచి తల ఎత్తకుంట.

"దానికి పట్టీలు ఎవడు పెట్టుమన్నడు?" అన్న.

"పట్టీలు లేకుంటే జారది?" అని కోపానికొచ్చిండ్రు.

దిండ్లు జారుతున్నయని నువ్వు రాసింది నాకు. ఆ కాయితం ఆయన చింపలే తమ్మీ. ఇగ నేను ఎక్కువ అడగలే. అడిగితే మల్ల రాయైపోతరు.

గడ్డ పరీక్ష కాయితం ఇంక రాలేదా? ఏం తీరిక దవాఖాననే అది! శనగగింజంత గడ్డను చూసేటందుకు ఇన్నొద్దులా? రోజు పోస్టు జవాను వచ్చే యాళ్ళకు గడపల నిలవడుతున్న. ఆయన నన్ను చూసి దూరంనుంచే చెయ్యి ఊపుతుండు, ఏం లేదని. 

రక్తం గల్లీల పొంటి పోతుందని రాసినవు. పోనియ్యి. ఎట్లనో ఒకట్ల చేరనియ్యి.

అక్క

*

హైదరాబాద్,
25 ఆగస్టు 1961

అక్కా,

రాచపుండు కాదు.

ఆ మాట మొదటే రాశాను, మిగతాది నువ్వు నిదానంగా చదువుకోవచ్చు. ఇది క్షయ గడ్డ. ఊపిరితిత్తుల్లో కాదు, రొమ్ము నడుమ ఉండే గ్రంథులకు, మనం బిళ్ళలంటామే, వాటికి పట్టింది. అవి ఉబ్బి ఆ సిరను చుట్టూ నొక్కి పెట్టాయి. "క్షయ" అని వినగానే తారాబాయి గోడకు చేరగిలబడింది. పెద్ద డాక్టరు ఆమెకు చెప్పిన మాటలు ఇవి: "బేటీ, పదిహేనేళ్ళ కింద అయితే నేనూ నీతోపాటు ఏడ్చేవాణ్ణి. ఇప్పుడు దీనికి మందు ఉన్నది. నువ్వు ఏడిస్తే నా మందుకు అవమానం."

రోజూ స్ట్రెప్టోమైసిన్ సూది వేస్తున్నారు. దానితో గోళీలు, ఒక పొడి. సూది పొడిస్తే పిర్ర రాయైపోతున్నది. ఆ పొడి ఉన్నదే, వేపాకు రసం కూడా దాని ముందు పాయసమే. గ్లాసు పట్టుకుని తారాబాయి ఎదురుగా నిలబడుతుంది, ఇక తప్పదు. ఇంటికొచ్చాక కూడా ఏడాది పైనే మందులు మింగాలట. మధ్యలో బాగున్నదని ఆపితే మొదటికొస్తుందని మరీ మరీ చెప్పారు. సిర పూర్తిగా తెరుచుకోకపోయినా భయం లేదట, పక్క దారులు ఉన్నాయి కదా.

నా కఫంలో క్రిములు లేవు, నా వల్ల ఎవరికీ అంటదన్నారు. అయినా క్షయ అంటే లోకం ఎట్లా చూస్తుందో తెలుసు. మొన్న మా ఆఫీసు నుంచి వచ్చిన మనిషి రోగం పేరు వినగానే గుమ్మం దగ్గరే ఆగిపోయి, అక్కడినుంచే క్షేమం అడిగి వెళ్ళిపోయాడు. వత్సల అత్తవారింట్లో ఈ మాట తెలిస్తే ఇబ్బందేమో. బావకు ఇష్టం లేకపోతే నేను మీ ఇంటికి రాను. నువ్వు కూడా ఎవరికీ చెప్పకు.

లోడుకు బావకు కృతజ్ఞతలు చెప్పాలని ఉన్నది. చెప్తే కోప్పడతారని ఊరుకున్నాను.

ఉపేందర్

*

ఆదిలాబాద్,
30 అక్టోబరు 1961

తమ్మీ,

నీకు బుద్ధి ఉన్నదా? మంచి వార్తకు ఎవడన్న తారు, గా టెలిగ్రాం, కొడతడా? కార్డు దొరకలేదా హైదరాబాద్‌ల? అదిగూడ నా పేరు మీద కాదు, మీ బావ పేరు మీద!

నిన్న ఏం జరిగిందో చెప్త, విను. తారు జవాను సైకిల్ దిగి "ప్రేమ్‌సాగర్‌రావు దొరకు తారు, హైదరాబాద్‌నుంచి" అన్నడు. నా చేతిల చాట కిందవడ్డది. మన ఇండ్లల్ల తారు ఎందుకొస్తదో నీకెర్కలేదా? నాయినమ్మ పోతె వచ్చింది, బాపు పోతె వచ్చింది. ఇప్పటిదాంక ఇంకో దానికి వచ్చింది లేదు. నేను ఆడనే కూలవడ్డ. వాడకట్టు ఆడోళ్ళంత ఉరికొచ్చిండ్రు, నన్ను పట్టుకొని ఏడుపు మొదలుపెట్టిండ్రు. తారు ఇంక ఇప్పనే ఇప్పలే.

మీ బావ దాన్ని చేతుల పట్టుకోని నిలవడ్డరు. ఇప్పినా ఇంగ్లీషు రాదాయె. మెల్లగ గడపల కూసున్నరు. సొంత అవ్వ బాపు పోయినప్పుడు గూడ ఏడ్వని మనిషి, తమ్మీ, తువ్వాల నోట్ల కుక్కుకోని ఏడ్చిండ్రు. "నా చేత పెరిగిన పోరడు. ఒక్క మాట మాట్లాడకపోతి. ఒక్క కార్డు రాయకపోతి" అని తల గడపకు కొట్టుకుంటుంటె హనుమండ్లు పట్టుకున్నడు.

మిల్లు గుమాస్తను తోలుకొచ్చిండ్రు. ఆయన తారు ఇప్పి, కండ్లద్దాలు సవరించుకోని, "పండుకున్నడట దొరా" అన్నడు. ఇంకింత చూసి "సాపుగ పండుకున్నడట" అన్నడు. ఇగ చూడు, ఇల్లు లేచిపోయింది. నేను గాజుల మీద చెయ్యి వేసుకున్న, ఎందుకో నాకే తెల్వదు. అప్పుడు గుమాస్త "జర ఆగుండ్రి" అని మొత్తుకున్నడు. "మొకం వాపు పోయిందట. శనివారం రైలుకు వస్తుండట."

మీ బావ తల ఎత్తి, "పండుకున్నోడు రైలుకెట్ల వస్తడురా?" అన్నరు.

గుమాస్త మల్ల మొదటిసంది చదివిండు. వెల్లకిల పండుకోగలుగుతున్నడని అర్థమైంది మాకు. ఏడ్వనొచ్చినోళ్ళంత నవ్వుడు మొదలుపెట్టిండ్రు. వాళ్ళకందరికి చాయ్ పెట్టి పంపిన. నిజంగ సాపుగ పండుకుంటున్నవా? గొంతు పడుతలేదా? ఎన్ని నెలలకురా!

క్షయ అని ఎవలకు చెప్పద్దన్నవు. కరీంనగర్ వియ్యంకుడు దసరాకు వచ్చినప్పుడు మీ బావే చెప్పిండ్రు. "మా తమ్మునికి క్షయ ఉండె, మందుతోని పోతున్నది. శుభకార్యాలకు ఆయననే ముందు పిలుస్త, మీకు అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పుండ్రి" అని. మా బామ్మర్ది అనలే, మా తమ్ముడు అన్నరు. వియ్యంకుడు మాకేం అభ్యంతరం లేదన్నడు. నీకు అప్పుడే రాద్దామనుకున్న, "ఆనికెందుకు, ఉబ్బిపోతడు" అని ఆపిండ్రు.

శనివారం మేమిద్దరం బెల్లంపల్లి టేషనుకు వస్తున్నం. ముందొచ్చి ఇల్లు ఊడ్చి పెడుదామంటె తారాబాయి తాళంచెవి నీ దగ్గరనే ఉన్నదాయె. ఆ పొడి మాత్రం తాగుడు ఆపకు. ఆపినవంటె అట్లకాడ నేను పట్టుకుంట.

తారు వచ్చి ఒకదినం గడిచింది. మీ బావ ఇంక తువ్వాలతోని కండ్లు తుడుచుకుంటనే ఉన్నరు. ఏమైందంటె మిల్లుల పత్తి దుమ్ము కంట్ల పడ్డదంటరు. దీపావళి పోతె గాని మిల్లు మొదలే కాదు.

నీ అక్క,
జానకి